నా బదులు ‘వద్దు’ అన్న డాక్టరమ్మ

డాక్టరమ్మ పోయారన్న కబురు నాకు ఆవిడ ఆసుపత్రి నంబరు నుంచే వచ్చింది. "రేపు మీ అపాయింట్‌మెంట్ ఉంది, మందులు వేసుకునే రండి" అని ఇన్నేళ్ళుగా గుర్తుచేస్తూ వచ్చిన నంబరది. హైటెక్ సిటీలో మా ఆఫీసు ఏడో అంతస్తులో మీటింగులో కూర్చుని ఉన్నాను. ఫోను వెలిగింది. మేడమ్ ఈ ఉదయం కన్నుమూశారు, ఈ వారం అపాయింట్‌మెంట్లన్నీ రద్దయ్యాయి, అసౌకర్యానికి చింతిస్తున్నాం. అంతే ఉంది. చదివి ఫోను బోర్లా పెట్టాను. ఎదురుగా ఎవరో నన్నే ఏదో అడుగుతున్నారు. నా కుడిచేతి వేళ్ళు వాటంతటవే ఎడమ మణికట్టు మీదికి పోయి నాడి పట్టుకున్నాయి.

నిజం చెబుతాను, నాకు ముందు ఏడుపు రాలేదు. భయం వేసింది. ఇక నా గుండెను ఎవరు చూస్తారన్న భయం. మనిషి పోయి పూట గడవలేదు, అప్పుడే నా సంగతి నేను చూసుకుంటున్నానే అని సిగ్గు కూడా వేసింది. కానీ భయం ముందు సిగ్గు ఎంతసేపు నిలబడుతుంది? బాత్రూములోకి వెళ్ళి గడియ పెట్టుకుని, కాళ్ళు చూసుకున్నాను, వాపేమైనా వచ్చిందా అని. రాలేదు. అప్పుడు ఏడ్చాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్ని. ఏది ఎక్కడ చెడిపోతుందో ముందే ఊహించడం నాకు జీతమిచ్చే పని. ఆ బుద్ధి ఆఫీసు గేటు దగ్గర ఆగదు కదా. లిఫ్టు కొంచెం కుదిపితే తాడు తెగిందనుకుంటాను. పాప స్కూలు బస్సు కాస్త ఆలస్యమైతే ఫ్లైఓవర్ మీద ఏమైందో అని టీవీ పెడతాను. మా ఆయన నన్ను "అపశకునం ఛానల్" అంటారు. అలాంటిదాన్ని, నిజంగా భయపడవలసిన రోజుల్లో మాత్రం భయపడలేదు. ఆ రోజుల్లోనే డాక్టరమ్మ నాకు దొరికారు.

మా పాప పుట్టిన కొత్తలో సంగతి. ఇప్పుడున్న ప్రగతి నగర్ ఇంట్లోనే ఉండేవాళ్ళం. పురిటికి తణుకు నుంచి మా అమ్మ, పాలకొల్లు నుంచి మా అత్తయ్యగారు వచ్చారు. వియ్యపురాళ్ళిద్దరికీ కాఫీలో పంచదార దగ్గర్నుంచి ఏ విషయంలోనూ పడేది కాదు గానీ, బాలింత పథ్యం దగ్గర మాత్రం ఒక్క మాట మీద ఉన్నారు. వేడి అన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, పాత చింతకాయ పచ్చడి. మంచినీళ్ళు అడిగితే గుక్కెడు. కొన్ని వారాలకు నా పాదాలు చెప్పుల్లో పట్టడం మానేశాయి. దగ్గు మొదలైంది. మధ్యాహ్నం పాపకు పాలిచ్చి పక్కన వాలదామంటే, వీపు పరుపుకు ఆనగానే ఊపిరాడక లేచి కూర్చునేదాన్ని. చివరికి కుర్చీలోనే కునుకు తీసేదాన్ని. "బాలింత వాతం" అంది అమ్మ. "మా ఆడపడుచుకీ అచ్చం ఇంతే, తగ్గిపోయింది" అన్నారు అత్తయ్యగారు. ఇద్దరు పెద్దవాళ్ళు ఒకే మాట చెబితే ఎంత ధైర్యంగా ఉంటుందో. నేను కూడా వాతమే అనుకున్నాను.

ఒకరోజు పొద్దున్నే మా ఆయనతో "పాపని కొంచెం ఎత్తుకోండి" అన్న ముక్క మూడు ఊపిర్లలో చెప్పాను. ఆయన నా మొహం వంక చూసి, ఎవర్నీ ఏమీ అడక్కుండా కారు తాళాలు తీసుకున్నారు. అమ్మ వెంట వచ్చింది. పాపను ఒళ్ళో పెట్టుకుని అత్తయ్యగారు ఇంట్లో ఉండిపోయారు.

కొండాపూర్ వైపున్న ఆ ఆసుపత్రిలో నన్ను చక్రాల కుర్చీలో తోసుకుంటూ తీసుకెళ్ళారు. అరవై దగ్గరపడిన ఒకావిడ, నేత చీర మీద తెల్లకోటు, కాళ్ళకు పరుగుపందెం బూట్లు, వచ్చి నా ముందు గొంతుక్కూర్చున్నారు. పేరు అడగలేదు. నా కాలి ఎముక మీద బొటనవేలితో నొక్కి తీసేశారు. పడిన గుంట పడినట్టే ఉంది. అది పూడేదాకా దాన్నే చూస్తూ, "పండుకుంటె దమ్మొస్తున్నదా బిడ్డా? ఎన్ని మెత్తలు ఏసుకుంటున్నవ్?" అన్నారు. మెత్త అంటే దిండని నాకు అప్పటిదాకా తెలీదు. మా ఆయన చెప్పారు, నేను అసలు పడుకోవడమే లేదని. ఆవిడ లేచి నిలబడ్డారు. ఆ తరువాత అక్కడి మనుషులంతా పరుగులు పెట్టడమే నాకు గుర్తుంది.

కాన్పు తరువాత కొందరిలో గుండె కండరం బలహీనపడి, రక్తాన్ని సరిగ్గా తోయలేకపోతుందట. నాకు వచ్చింది అదే. పరీక్ష కాగితం మీద హార్ట్ ఫెయిల్యూర్ అని రాసి ఉంటే చూశాను. ఫెయిలన్న మాట దగ్గరే నా చూపు ఆగిపోయింది. చంటిపిల్ల ఇంట్లో ఉంది. "నేను చచ్చిపోతానా అండీ?" అని అడిగాను. నీకేం కాదు అంటారనుకున్నాను, అందరూ అనేది అదే కదా. ఆవిడ కాసేపు ఆలోచించారు. నా ప్రశ్నకు నిజంగానే ఆలోచించారు. "నాకు తెల్వదు బిడ్డా. చావకుంట చూసుకునే పని నాది. గోలీలు మింగే పని నీది. చెరొక పని చేసి చూద్దం" అన్నారు.

వినడానికి భయంగానే ఉంది ఆ మాట. కానీ అబద్ధం చెప్పని మనిషి చేతిలో పడ్డానని తెలిసింది. తరువాత మా అమ్మను దగ్గరకు పిలిచి ఏం పెడుతున్నారని అడిగారు. అమ్మ పచ్చడి సంగతి కాస్త గర్వంగానే చెప్పింది. తిడతారని నేను కళ్ళు మూసుకున్నాను. "మా అమ్మ గూడ నాకు గిట్లనే కారంబువ్వ పెట్టింది. మీ తప్పేం లేదు తల్లీ. ఈ పిల్ల గుండెకు మాత్రం గిప్పుడు ఉప్పు మొయ్యనీకి చాతగాదు" అన్నారు. అమ్మ ఇప్పటికీ ఆ మాట తలుచుకుని కళ్ళు తుడుచుకుంటుంది.

ఇది చదువుతున్న ఇళ్ళలో బాలింతలు ఎవరైనా ఉంటే, పడుకుంటే ఆయాసం వస్తోందని ఆ పిల్ల అంటే, దయచేసి వాతమని కొట్టిపారేయకండి. డాక్టరమ్మ జీవితమంతా చెప్పింది ఈ ఒక్క మాటే. ఆవిడ తరఫున ఇంకోసారి చెబుతున్నాను.

నేను నిలబడి నడిచే స్థితికి వచ్చాక ఆవిడ పనితీరు చూశాను. గదిలో కూర్చుని రోగిని చూడడం ఆవిడకు నచ్చదు. "నడుసుకుంట మాట్లాడుకుందం, దా" అని ఆ అంతస్తులో ఉన్న పొడుగాటి వరండాలోకి తీసుకుపోయేవారు. ఒక పక్కంతా అద్దాలు, అవతల కడుతున్న టవర్లు, క్రేన్లు. ఆవిడ నార్సింగిలో పుట్టి పెరిగిన మనిషి. ఏదో ఒక టవరు చూపించి, "గాడ మా మేనమామ జొన్నలేసేటోడు" అనేవారు, బాధేమీ లేకుండా. తరువాత, "నిన్న ఏం వండినవ్? మొదటికెల్లి చెప్పు" అనేవారు. నేను గుత్తి వంకాయ మొదలుపెట్టి, కారం దంచి, కాయలు నాలుగుగా చీల్చి, నూనె కాగి... చెప్పుకుంటూ పోయేదాన్ని. "ఉప్పెంత?" అని మధ్యలో హఠాత్తుగా అడిగేవారు. దొంగ దొరికినట్టు తడబడేదాన్ని. ఇంత పెద్ద డాక్టరుకు నా వంకాయ కూర మీద ఇంత మోజేమిటో అనుకునేదాన్ని. చాలాకాలం తరువాత చెప్పారు: "కూర కోసం గాదు బిడ్డా. నడుసుకుంట మాట్లాడుతుంటె నీ దమ్ము ఎక్కడ తెగుతదో ఇంటున్న. ఏ మిషనూ గంత మంచిగ చెప్పదు."

భయపడకు అన్న మాట ఆవిడ నోట నేను ఎప్పుడూ వినలేదు. నాలాంటి పిరికిదానికి అది ఎంత సుఖమో చెప్పలేను. ఊళ్ళో అందరూ ధైర్యంగా ఉండు, పాజిటివ్‌గా ఉండు అని ప్రాణం తీసేవారు. ఆవిడ ఒక్కరే, "భయముండనీ. భయమున్నోళ్ళే గోలీలు మరువకుంట ఏసుకుంటరు. ధైర్యమొచ్చినోళ్ళతోనే నాకు పరేషాన్" అనేవారు. కోటు జేబులో ఉప్పు వేయని వేయించిన శనగలు ఉండేవి. మాట్లాడుతూ మాట్లాడుతూ గుప్పెడు నా చేతిలో పోసేవారు. చప్పగా ఉండేవి. ఆవిడ ముందు ఉమ్మేయలేక నమిలేదాన్ని.

ఆసుపత్రి పని కాక ఆవిడకు పరిశోధన అని ఇంకో పెద్ద పని ఉండేది. కాన్పుల ఆసుపత్రులు పట్టుకుని తిరిగేవారు. నర్సులను కూర్చోబెట్టి, బాలింతను ఇంటికి పంపేముందు "పండుకుంటె దమ్మొస్తున్నదా" అని తప్పకుండా అడగాలని బతిమాలేవారు. గుండె బలహీనపడిన ఆడవాళ్ళు బాగుపడ్డాక ఏమవుతున్నారు, ఎవరికి మళ్ళీ వస్తోంది, ఎవరికి రావడం లేదు అని ఏళ్ళ తరబడి వెంటపడి చూసేవారు. బాగుపడినవాళ్ళు ఆసుపత్రి ముఖం చూడరు కదా. వాళ్ళకు స్వయంగా ఫోను చేసి రమ్మని గదమాయించేవారు. నేనైతే పిలవకపోయినా వెళ్ళేదాన్ని. జ్వరమొచ్చినా, మెట్లెక్కితే గుండె కొంచెం గట్టిగా కొట్టుకున్నా వెళ్ళేదాన్ని. "ఏంది, మల్లొచ్చినవా?" అని నవ్వేవారు. వెనక్కి మాత్రం పంపలేదు.

పాపకు మూడేళ్ళు వచ్చేసరికి నా గుండె మామూలు స్థితికి వచ్చిందని పరీక్షల్లో తేలింది. అసలు కష్టం అక్కడ మొదలైంది. జబ్బుగా ఉన్నంతకాలం నన్నెవరూ ఏమీ అడగలేదు. బాగుపడ్డానని తెలియగానే, మరి రెండోది ఎప్పుడన్నారు. పేరంటంలో అడిగారు, గృహప్రవేశంలో అడిగారు, అపార్ట్‌మెంట్ లిఫ్టులో అడిగారు. అత్తయ్యగారు మాతోనే ఉంటున్నారు అప్పటికి. ఆవిడ చెడ్డమనిషి కాదు. నా కోసం ఉప్పులేని చారు విడిగా కాచేవారు, ఇప్పటికీ కాస్తారు. కానీ రోజూ పాపకు అన్నం కలుపుతూ, "పాపం, ఒంటి పిల్ల" అనేవారు. నాకు కూడా ఇంకో బిడ్డ కావాలనే ఉండేది. కానీ ఊపిరాడక కూర్చునే కునుకు తీసిన ఆ కుర్చీ గుర్తుకొచ్చేది. వద్దని చెప్పే ధైర్యం నాకు లేదు, సరేననే ధైర్యం అంతకన్నా లేదు.

ఒకసారి వరండాలో నడుస్తూ కూర సంగతి చెప్పలేక ఆగిపోయాను. డాక్టరమ్మ నా మొహం చూసి, "ఏమైంది?" అన్నారు. చెప్పాను. "నీకు కావాల్నా?" అన్నారు. "కావాలండి. కానీ చచ్చిపోతానేమోనని భయం" అన్నాను. "గీ మాట ఇంట్ల చెప్పినవా?" "చెప్పలేనండి." ఆవిడ తల ఊపి, తరువాతి సారి మీ అత్తను, మీ ఆయనను తీసుకురమ్మన్నారు.

తీసుకెళ్ళాను. ఆ రోజు నడవలేదు, గదిలో కూర్చోబెట్టారు. అత్తయ్యగారు కొంగు సర్దుకుని, "గుండె బాగుపడిందని మీరే అన్నారు కదండీ" అని మొదలుపెట్టారు. "బాగైంది తల్లీ. మల్ల గదే బరువు పెడితె మోస్తదో మొయ్యదో నాకు తెల్వదు. తెల్వనప్పుడు నేను వద్దనే అంట" అన్నారు డాక్టరమ్మ. "దేవుడి దయ ఉంటే..." అన్నారు అత్తయ్యగారు. "దేవుడు దయతోని ఒకసారి బతికిచ్చిండు. మల్లమల్ల అడగొద్దు. నేను వద్దంటున్న. ఎవరన్న అడిగితె నా పేరు చెప్పుండ్రి. గా డాక్టరమ్మ రాక్షసి, ఒప్పుకుంటలేదు అనుండ్రి." మా ఆయన అప్పటిదాకా పట్టుకున్న ఊపిరి వదలడం నాకు వినిపించింది. దారి పొడుగునా అత్తయ్యగారు ఆ డాక్టరమ్మకు బొత్తిగా మర్యాద తెలీదని అంటూనే ఉన్నారు.

ఆ రోజు నుంచి నాకు ఒక మంత్రం దొరికింది. డాక్టరమ్మ ఒప్పుకోలేదు. ఎవరడిగినా అదే. పెళ్ళిళ్ళలో, సీమంతాల్లో, నోముల్లో, ఫోనుల్లో. వాళ్ళు కాసేపు డాక్టరమ్మను తిట్టి, నా మీద జాలిపడి వెళ్ళిపోయేవారు. మా పెదమామయ్యగారైతే ఆవిడకు పిల్లలు లేరేమో, అందుకే అలా అంటోందేమో అన్నారు. ఆవిడకు ఇద్దరు. నేను ఆ సంగతి కూడా చెప్పలేదు. ఆవిడను అందరూ తిట్టుకుంటుంటే నేను ఆ చాటున హాయిగా కూర్చునేదాన్ని.

అంత కచ్చితంగా ఎలా వద్దన్నారని ఒకసారి అడిగాను. ఆవిడ కంప్యూటర్ తెర నా వైపు తిప్పారు. సన్నటి గీతలు బోలెడు, ఎడమ నుంచి కుడికి. ఒక్కో గీత ఒక్కో మనిషట, ఏళ్ళు గడిచేకొద్దీ ఆ మనిషి గుండె ఎలా ఉందో చూపిస్తుందట. "గిదిగో, ఇది నువ్వు" అని ఒక గీత మీద వేలు పెట్టారు. కింది నుంచి మెల్లగా పైకి లేచిన గీత. నాకు నా ఫోటో చూసినట్టు అనిపించింది. పక్కనే ఇంకో గీత, నాదానికన్నా బాగా పైకి లేచింది, సగంలో ఆగిపోయింది. "ఇదెందుకు ఆగిందండీ?" అన్నాను.

ఆవిడ ఆ గీత చివర వేలు ఆనించి చెప్పారు. ఆ అమ్మాయికి కూడా గుండె బాగైందట. రెండో బిడ్డను కనొచ్చా అని ఇంటిల్లిపాదీ వచ్చి అడిగారట. "అప్పట్ల నేను గట్టిగ చెప్పలే బిడ్డా. ప్రమాదముంటది అని మంచిగ ఇడమరిచి చెప్పిన, ఆఖర్ల మీ ఇష్టం అన్న. సదువుకున్నోళ్ళు గదా, సోంచాయించుకుంటరు అనుకున్న. డాక్టరు మీ ఇష్టం అన్నదంటె, ఇంటికి పొయ్యేటాల్లకు అది సరే అన్నట్టయితది. మన ఇండ్లల్ల గంతే. ఆ పిల్లకు వద్దని చెప్పే నోరు లేదు. నేనన్న చెప్పకపోతిని." తెర మళ్ళీ తన వైపు తిప్పుకున్నారు. 

పోయిన ఏడాది ఒకసారి వెళ్ళినప్పుడు, నేను అలవాటుగా వరండా వైపు తిరిగితే, "ఇయ్యాల కూసోని మాట్లాడుదం" అన్నారు. తరువాతి సారి కూడా అంతే. మూడోసారి ఆవిడ ఏదో చెబుతూ మాట మధ్యలో ఆగి, గాలి పీల్చుకుని, మిగతాది చెప్పారు. నేను ఎన్నేళ్ళు ఆవిడ పక్కన నడిచాను? నాకు వినిపించింది. "మేడమ్, మీకు ఊపిరి అందట్లేదండి" అన్నాను. కోప్పడతారనుకున్నాను. ఆవిడ నవ్వారు. "పట్టేసినవు. మా ఆయన ఇంక పట్టలే."

ఎప్పుడో క్యాన్సరుకు చేయించుకున్న వైద్యం వల్ల ఆవిడ గుండె దెబ్బతిందట. చాలా ఏళ్ళుగా ఆవిడ మింగుతున్నది కూడా నేను మింగే గోలీలేనట. నా గుండెను చూసే మనిషి గుండే అలా ఉందంటే నాకు గదిలో నేల కుంగినట్టయింది. "మీకు భయం వేయదా అండీ?" అన్నాను. "ఎయ్యదా మరి? పొద్దుగాల లేవంగనే కాళ్ళు చూసుకుంట, వాపొచ్చిందా అని. నీ లెక్కనే." నేను ఇంకో మాట కూడా అడిగాను, అడక్కుండా ఉండలేకపోయాను. "మరి మా సంగతి?" ఆవిడకు కష్టం కలిగిందేమో తెలీదు. "నా దగ్గర నేర్చుకున్న పిలగాడున్నడు. మంచి డాక్టరు. జెర మెత్తటోడు" అన్నారు. తరువాత, "ఇగ ఎన్ని దినాలు నా పేరు చెప్పుకుంట బతుకుతవ్ బిడ్డా? ఒకసారన్న నీ నోటితోని అను" అన్నారు. నేను విననట్టు సంచీ సర్దుకున్నాను.

కడచూపుకు నార్సింగిలో వాళ్ళింటికి వెళ్ళాను. గుమ్మం ముందు ఆడవాళ్ళే ఎక్కువ. అందరూ నాలాంటివాళ్ళే అని చూడగానే తెలిసిపోయింది. రెండు మెట్లెక్కి ఆగుతున్నారు. ఏడుస్తూనే ఒకరి పాదాలు ఒకరు చూసుకుంటున్నారు. ఆవిడ అక్కగారు గోడకు చేరగిలబడి కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ అదే మాట చెబుతున్నారు: "పొద్దుగాల చాయ్ తాగింది. ఎవరికో ఫోన్ చెయ్యాలె, దవాఖానకు వస్తలేదు అన్నది. ఫోన్ చేతులనే ఉన్నది." పిలవకపోయినా వెళ్ళేదాన్నే అయినా, ఆ ఎవరో నేనేనేమో అనిపించింది. అక్కడున్న ప్రతి ఒక్కరికీ అలాగే అనిపించి ఉంటుంది.

ఆ పది రోజులు నేను మందులు వేసుకోవడం, నాడి చూసుకోవడం, పాప నిద్రపోతుంటే పక్కన కూర్చుని చూడడం, ఇంతే. అత్తయ్యగారు కూడా పాపం నన్ను కదిలించలేదు. తరువాత ఒకరోజు, స్టవ్ ముందు పోపు వేస్తూ, నా వైపు తిరక్కుండానే అన్నారు: "అమ్మాయ్, ఆవిడ స్థానంలోకి కొత్తాయన వచ్చాడుట కదా. చూపించుకోవడానికి ఎలాగూ వెళ్తావు. నేనూ వస్తాను. ఒక్క మాట అడిగి చూద్దాం." ఆవాలు చిటపటలాడుతున్నాయి. ఏ మాట అని నేను అడగలేదు. గోడ పడిపోయిన ఇంట్లో నిలబడినట్టు ఉంది నాకు.

కొత్త డాక్టరుకు నలభై లోపే ఉంటాయి. కళ్ళు ఇంకా ఉబ్బి ఉన్నాయి. గదిలో ఆవిడ బల్లే ఉంది, దాని మీద ఏమీ పెట్టుకోకుండా ఓ చివరన కూర్చున్నాడు. నన్ను జాగ్రత్తగా పరీక్షించాడు, మందులన్నీ కొనసాగించమన్నాడు. అత్తయ్యగారు అడిగారు. అతను ఒక కాగితం మీద గుండె బొమ్మ వేసి, మళ్ళీ వచ్చే ప్రమాదం ఎందుకుంటుందో, వస్తే తల్లికి ఏమవుతుందో, ఏయే జాగ్రత్తలు తీసుకోవచ్చో అన్నీ ఓపికగా చెప్పాడు. చాలా మంచివాడు. నేను అతని నోటి వంకే చూస్తున్నాను. అనండి, అనేయండి అని మనసులో బతిమాలుతున్నాను. "రిస్క్ ఉందండి, అది మాత్రం నిజం. కానీ నిర్ణయం మేం రుద్దకూడదు కదా. ఇంట్లో మాట్లాడుకోండి. మీ ఇష్టం" అన్నాడు.

ఆగిపోయిన ఆ గీత కళ్ళ ముందు కనబడింది. అత్తయ్యగారు అతనికి నమస్కారం పెట్టి లేచారు.

వెనక్కి వస్తుంటే వాన. నిజాంపేట క్రాస్‌రోడ్స్ దగ్గర బండ్లు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. మా ఆయన డ్రైవింగులో, నేను పక్కన, వెనక సీట్లో అత్తయ్యగారు. "చూశావా, ఈయన వద్దనలేదు" అన్నారు ఆవిడ. కోపంగా కాదు, ఆశగా. మా ఆయన అద్దంలోంచి ఆవిడను, పక్క నుంచి నన్ను చూసి, ఏదో అనబోయారు. నేను చెయ్యి ఎత్తాను. డాక్టరమ్మ ఒప్పుకోలేదు అన్న మాట అలవాటుగా నాలుక చివరిదాకా వచ్చింది. వచ్చి, చెప్పడానికి మనిషి లేక ఆగిపోయింది.

"నాకొద్దు అత్తయ్యగారూ" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఎవరూ చెప్పలేదు. నేనే అంటున్నాను. నాకు భయంగా ఉంది. నాకు బతకాలని ఉంది." కారు పైన వాన చప్పుడు. నేను వెనక్కి తిరగలేదు, తిరిగితే మాట వెనక్కి తీసుకుంటానేమోనని.

వెనక సీట్లోంచి అత్తయ్యగారి గొంతు వినిపించింది. "భయం నీ ఒక్కదానికేనా? నిన్ను ఆసుపత్రికి తీసుకుపోయిన రోజు చంటిపిల్లని ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా అలా కూర్చున్నాను, ఇది తల్లిలేని పిల్ల అయిపోతుందా అని. అప్పట్నుంచీ నాకు అదే బెంగ. నువ్వూ ఉండకపోతే, మేమూ పోతే, దానికి ఎవరున్నారే? ఇంకొకళ్ళుంటే ఒకళ్ళకొకళ్ళు తోడుంటారనీ..." ఇన్నేళ్ళుగా ఆవిడ మనవడి కోసం అడుగుతున్నారనుకున్నాను. మా ఆయన స్టీరింగు మీద తల ఆనించారు. ముందు బండ్లు కదిలాయి, వెనక నుంచి హారన్లు మోగుతున్నాయి, ఆయన కదలలేదు.

అత్తయ్యగారు ముక్కు చీదుకున్నారు. "సరే, ఊరుకో" అన్నారు. "అయితే దానికి తోడు నువ్వే ఉండు."

వెనక నుంచి ఆవిడ చెయ్యి వచ్చి నా భుజం మీద పడింది. ఇల్లు చేరేదాకా తీయలేదు.